నడుం వాల్చితే తగ్గని నొప్పి

(సాంస్కృతికోత్సవాల రెండవనాటి సాయంత్రం సభలో చేసిన ప్రసంగ పాఠం)



వెనక నిలబడ్డవారికి ముందుగానే ఒక మాట. కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, నిలబడాలనిపిస్తే నిలబడండి. ఈ సాయంత్రం మేము ఎవరినీ కూర్చోమని గద్దించబోము. ఎందుకో మీకే తెలుస్తుంది.

మేము ఈ దీవిలో మూడవ తరం వాళ్ళం. 1932లో ఇక్కడ చమురు పడింది. ఆ తరువాతి సంవత్సరాలలో మా తాతగారు పని వెతుక్కుంటూ ఓడ ఎక్కి వచ్చారు. మా నాన్నగారు ఇక్కడే పెరిగారు, మేము ఇక్కడే పుట్టాం. నలభై ఏళ్ళు పగలు ఇంగ్లీషులో లెక్కలు చెప్పాం, సాయంత్రాలు తెలుగు చెప్పాం. మేము తెలుగు నేర్చుకున్నది కూడా సాయంత్రం తరగతిలోనే. కాబట్టి మా భాషలో తప్పులు దొర్లితే మన్నించండి. కార్యదర్శిగారు మమ్మల్ని భాష గురించి మాట్లాడమన్నారు. మేము నడుం నొప్పి గురించి మాట్లాడతామన్నాం. ఆయన కాస్త తెల్లబోయారు గానీ కాదనలేదు. రెండూ ఒకటే విషయమని మనవి చేయడానికే ఇక్కడ నిలబడ్డాం.

కొన్నేళ్ళ క్రితం మా సాయంత్రం తరగతికి ఒక అబ్బాయి వచ్చేవాడు. వయసు ఇరవై రెండు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. తాతమ్మల భాష నేర్చుకోవాలనే కోరిక వున్నవాడు. అయితే పాఠం మొదలైన పావుగంటకు లేచి వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడు. కూర్చోమంటే కూర్చునేవాడు, మళ్ళీ లేచేవాడు. ఒకనాడు మాకు కోపం వచ్చింది. "పద్యం చెప్పేవాడు నిలబడాలి, వినేవాడు కూర్చోవాలి. ఇది బస్ స్టాండు కాదు" అని అందరి ముందు అన్నాం. పిల్లలు నవ్వారు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. మరుసటి వారం నుంచి రాలేదు.

వాళ్ళమ్మగారు ఒకసారి బజారులో కనబడి తన గోడు చెప్పుకున్నారు. "పొద్దున లేవడు మాస్టారూ, ముసలివాడిలా మంచం పట్టుకుని లేస్తాడు. పది గంటలకు గానీ మనిషి కాడు. సాయంత్రమైతే చాలు, షటిల్ ఆడటానికి పరుగెడతాడు. ఇది నొప్పా, నటనా?" అన్నారు. మేమూ తల ఊపాం. ఆ తల ఊపు ఇప్పటికీ మాకు గుర్తుంది.

ఆ ఇంట్లో ఆ అబ్బాయికి జరగని వైద్యం లేదు. పరుపు మార్చారు. నడుముకు బెల్టు కట్టారు. నువ్వుల నూనెతో మర్దనలు చేశారు. ఏసీ గాలి పడలేదన్నారు, వాయువు పట్టిందన్నారు, కంప్యూటరు ముందు కూర్చోవడం వల్లనే అన్నారు. ఒక ఆసుపత్రిలో నడుముకు ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారు. ఆ "ఏమీ లేదు" అన్న మాట పట్టుకుని ఇంటిల్లిపాదీ అతన్ని సోమరి కింద జమకట్టారు. అందరూ చెప్పిన మందు మాత్రం ఒక్కటే: "కాస్త నడుం వాల్చు, అదే తగ్గుతుంది."

ఆరేళ్ళు గడిచాయి. ఒక ఉదయం అతనికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేనంత నొప్పి వచ్చింది. కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. ఆయన కన్ను చూసి, మందు రాసి, ఆపైన ఎవరూ అడగని ప్రశ్న అడిగారు. "బాబూ, నీకు పొద్దుటిపూట నడుం పట్టేస్తుందా?" ఆరేళ్ళ ముడి ఆ ఒక్క ప్రశ్నతో వీడింది. అక్కడి నుంచి కీళ్ళవాత నిపుణుల దగ్గరకు పంపారు. రక్తపరీక్ష, ఎం.ఆర్.ఐ. జరిగాయి. జబ్బు పేరు ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని తేలింది.

పేరు పెద్దదే గానీ అర్థం సులువు. వెన్నెముక అడుగున, పిరుదుల పైభాగంలో, కటి ఎముకలు వెన్నుతో కలిసే రెండు కీళ్ళున్నాయి. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ బలమే దారి తప్పి ఆ కీళ్ళ మీద పడుతుంది. అక్కడ వాపు వస్తుంది. వాపు ఏళ్ళ తరబడి రగులుతూ వుంటే మాయడానికి చేసే ప్రయత్నంలో కొత్త ఎముక పెరుగుతుంది. పూస పూసతో అతుక్కుంటుంది. బాగా ముదిరిన వారి వెన్ను ఎక్స్‌రేలో వెదురు గడలా కనబడుతుంది. డాక్టర్లు దానిని వెదురు వెన్ను అనే అంటారు. 1890లలో రష్యాలో బెఖ్‌టెరెవ్, జర్మనీలో స్ట్రుంపెల్, ఫ్రాన్సులో పియేర్ మారీ దీనిని వర్ణించి రాశారు. 1973లో లండన్‌లోనూ, లాస్ ఏంజెలెస్‌లోనూ పరిశోధకులు ఈ జబ్బుకూ హెచ్.ఎల్.ఏ.-బి27 అనే వంశపారంపర్య గుర్తుకూ గట్టి సంబంధం వున్నదని కనుక్కున్నారు. ఆ గుర్తు వున్నవారందరికీ జబ్బు రాదు, నూటికి కొద్దిమందికే వస్తుంది. అది లేనివారికి కూడా కొందరికి రావచ్చు. కాబట్టి ఒక్క రక్తపరీక్ష చూసి భయపడనక్కరలేదు, ధీమా పడనూ కూడదు.

ఇక్కడ పెద్దలకు ఒక సందేహం రావచ్చు. నడుం నొప్పి లేనివాడెవడు? నిజమే. ప్రపంచారోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 61 కోట్ల 90 లక్షల మంది నడుం నొప్పితో బాధపడ్డారు. వారిలో అత్యధికులది మామూలు నొప్పే. బరువెత్తినప్పుడో, వంగినప్పుడో కండరం పట్టి, కొన్ని వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. మరి మామూలు నొప్పినీ, మేము చెప్పే నొప్పినీ ఇంట్లో ఎలా పోల్చుకోవాలి? లెక్కల మాస్టరుగా ఐదు ప్రశ్నలిస్తాం, రాసుకోండి.

మొదటిది, నొప్పి నలభై ఏళ్ళలోపే మొదలైందా? రెండవది, ఫలానా రోజున ఫలానా పని చేస్తే వచ్చిందని చెప్పలేకుండా, తెలియకుండానే మెల్లగా వచ్చిందా? మూడవది, కదిలితే, నడిస్తే, ఆడితే తగ్గుతుందా? నాలుగవది, పడుకుంటే తగ్గకపోగా అలాగే వుంటుందా? ఐదవది, రాత్రి నిద్రలో లేపి, లేచి తిరిగితే నెమ్మదిస్తుందా? నొప్పి మూడు నెలలు దాటి వుండి, ఈ ఐదింటిలో నాలుగింటికి అవునని జవాబు వస్తే అది వాపు వల్ల వచ్చే నొప్పి కావచ్చు. కీళ్ళవాత నిపుణులకు చూపించాలి. దీనికి తోడు పొద్దున్నే అరగంటకు మించి నడుం బిగుసుకుని వుండటం, ఒకనాడు కుడి పిరుదు, మరొకనాడు ఎడమ పిరుదు నొయ్యడం, మడమ నొప్పి, కన్ను ఎర్రబడటం, సొరియాసిస్ అనే చర్మవ్యాధి, దీర్ఘకాలపు పేగుల జబ్బు, ఇంట్లో మరొకరికి ఇదే బాధ, ఇవి వుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఇప్పుడా తల్లిగారి మాట గుర్తు చేసుకోండి. పొద్దున లేవలేడు, సాయంత్రం షటిల్ ఆడతాడు. దాన్ని మేమందరం నటన అనుకున్నాం. నిజానికి ఆమె జబ్బు లక్షణాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది. వినడం మాకు తెలియలేదు.

మరొక సంగతి. మొదటి ఏళ్ళలో మామూలు ఎక్స్‌రేలో ఈ జబ్బు కనబడకపోవచ్చు. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అంటే "నొప్పి లేదు" అని కాదు. ఇది మగపిల్లల జబ్బు అని ఒకప్పుడు అనుకునేవారు. మగవారిలో ఎక్కువే గానీ ఆడపిల్లలకూ వస్తుంది. కాన్పు తరువాతి నొప్పి అనో, ఇంటి పని అలసట అనో కొట్టి పారేయడం వల్ల వారికి జబ్బు బయటపడటం ఇంకా ఆలస్యమౌతుంది.

పేరు తెలియని నొప్పిని మనిషి తప్పుగా ఎంచడం మనకు కొత్త కాదు. మన పూర్వుల నేలలోనే దీనికి పెద్ద పాఠం వుంది. అప్పటి నెల్లూరు జిల్లాలో కొన్ని గ్రామాలలో యువకులకు వెన్ను కర్రలా బిగుసుకుపోయేది. మెడ తిరిగేది కాదు, నడుం వంగేది కాదు. జనం ఖర్మ అన్నారు, శాపమన్నారు. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయనతో పనిచేసిన పండిట్, రాఘవాచారి పరిశీలించి, అది తాగే బావి నీటిలోని ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బని ప్రకటించారు. నల్గొండ జిల్లా బాధను 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు లోకానికి చెప్పారు. పేరు తెలిసింది గనుక దారి కూడా దొరికింది. 1970లలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పటికతో, సున్నంతో నీటి నుంచి ఫ్లోరైడును తీసే పద్ధతి రూపొందించి, దానికి నల్గొండ పేరే పెట్టారు. తరువాత కృష్ణా నీళ్ళు గొట్టాలలో వచ్చాయి. అప్పటికే వంగిన నడుములు తిరిగి నిటారు కాలేదు. కానీ తరువాతి పిల్లల నడుములు దక్కాయి. ఆ జబ్బు వేరు, ఈ జబ్బు వేరు. పాఠం మాత్రం ఒకటే. పేరు కనుక్కునేదాకా నింద రోగి మీదనే పడుతుంది.

మన దీవిలోనూ యువకుల నడుం నొప్పి వెనక దాగే కారణాలు మరికొన్ని వున్నాయి. ఇంత ఎండ దేశంలో వుండి మనం ఎండకు దూరంగా బతుకుతాం. ఇంటి నుంచి కారు, కారు నుంచి ఆఫీసు. గల్ఫ్ దేశాలలో డి విటమిన్ లోపం చాలా ఎక్కువ. అది ముదిరితే ఎముక మెత్తబడి నడుం, తొడలు నొస్తాయి, నేల మీంచి లేవడం కష్టమౌతుంది. కాచని ఒంటె పాలు, మేక పాలు తాగితే బ్రూసెల్లా జ్వరం రావచ్చు. అది వెన్నునూ, కటి కీళ్ళనూ పట్టుకుంటుంది. పాలు కాచి తాగడమే దానికి రక్ష. క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుంది. సికిల్ సెల్ అనే రక్తవ్యాధిలో ఎముకలు భరించరానంతగా నొస్తాయి. కాబట్టి ఏ నొప్పి ఏదో మనమే తేల్చేయకూడదు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం వుంటే వెంటనే డాక్టరుకు చూపాలి. కాళ్ళలో బలం తగ్గినా, మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య మొద్దుబారినా ఆ గంటలోనే అత్యవసర విభాగానికి పరుగెత్తాలి.

సికిల్ సెల్ పేరు చెప్పాం గనుక ఒక మాట. బహ్రెయిన్‌లో 2004 చట్టం ప్రకారం పెళ్ళికి ముందు వైద్య పరీక్ష తప్పనిసరి అయింది. ఈ దేశంవారు రక్తంలోని జబ్బు గురించి పెళ్ళి మాటలప్పుడే బాహాటంగా మాట్లాడుకుంటారు. మనమో? సంబంధం తప్పిపోతుందని పిల్ల నడుం నొప్పిని దాస్తాం, పిల్లవాడి మాత్రలు సొరుగులో దాస్తాం. ఊళ్ళ నుంచి వచ్చి సిత్రలోనూ, సల్మాబాద్‌లోనూ షెడ్లలో పనిచేసే తమ్ముళ్ళు మరొక భయంతో దాస్తారు, పని పోతుందని. నొప్పి మాత్ర మింగి షిఫ్టుకు వెళతారు. ఈ ఎండలో నీళ్ళు సరిగా తాగకుండా ఆ మాత్రలు నెలల తరబడి మింగితే మూత్రపిండాలకు చేటు. మన సంఘంలో చదువుకున్నవారు నెలకొక సెలవు రోజున వారి దగ్గరకు వెళ్ళి ఆ ఐదు ప్రశ్నలు అడిగితే చాలు, అది ఏ నృత్య ప్రదర్శనకూ తీసిపోని కార్యక్రమం.

ఇక వైద్యం సంగతి. ఈ జబ్బు పూర్తిగా పోదు, కానీ అదుపులో వుంటుంది. ఒకప్పుడు డాక్టర్లే రోగిని కదలకుండా మంచాన పడుకోబెట్టేవారు. దానితో వెన్ను ఇంకా బిగిసిపోయేది. ఇప్పుడు వ్యాయామమే మొదటి మందు. రోజూ వెన్ను వెనక్కి వంచే కసరత్తులు, లోతుగా ఊపిరి తీసి ఛాతీ విప్పడం, కాసేపు బోర్లా పడుకోవడం, మడమలూ పిరుదులూ భుజాలూ తలా గోడకు ఆనించి నిటారుగా నిలబడటం. గోడకు ఆనుకుని నిలబడటం, విన్నారా? మేము గద్దించిన పనే అతనికి ఒంటికి మేలు చేసే పని. ఈత మరీ మంచిది. బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థం. రెండు సముద్రాల నడుమ వుండి మన పిల్లలకు ఈత రాకపోవడం ఏమి బాగుంది? పొగ తాగేవారు మానాలి, అది ఈ జబ్బును ముదరబెడుతుంది.

వ్యాయామంతో పాటు డాక్టరు చెప్పిన మోతాదులో వాపు తగ్గించే మాత్రలు. వాటితో లొంగకపోతే 2003 నుంచి ఈ జబ్బుకు జీవ ఔషధాలు అనుమతి పొంది వాడుకలో వున్నాయి. వాపు రగిలించే పదార్థాన్నే అడ్డుకునే ఇంజెక్షన్లవి. అవి మొదలుపెట్టే ముందు ఒంట్లో క్షయ దాగి వుందేమో పరీక్షిస్తారు. మన దేశం నుంచి వచ్చిన కుటుంబాలు ఆ పరీక్షను తేలికగా తీసుకోరాదు. ఇంకొకటి, క్షౌరశాలలో మెడ పటుక్కుమనిపించుకునే అలవాటు ఈ రోగులు తక్షణం మానాలి. బిగిసిన వెన్ను సులభంగా విరుగుతుంది.

మా విద్యార్థి ఇప్పుడు బాగానే వున్నాడు. ఉద్యోగం చేస్తున్నాడు, పొద్దున్నే సముద్రపు ఒడ్డున నడుస్తున్నాడు. పోయిన వంపు మాత్రం పోయినట్టే. వంగి బూటు లేసు కట్టుకోలేడు, లేసు లేని చెప్పులు వేసుకుంటాడు. తన పేరు చెప్పవద్దన్నాడు, సంగతి మాత్రం తప్పక చెప్పమన్నాడు.

జబ్బు తేలిన తరువాత మేము వాళ్ళింటికి వెళ్ళి క్షమించమన్నాం. "ఆనాడే ఒక్క మాట చెప్పకూడదా నాయనా?" అని అడిగాం. అతనన్నాడు: "చెబుదామనుకున్నాను మాస్టారూ. తరగతిలో తెలుగే మాట్లాడాలని మీ నియమం. నొప్పి ఎలా వుందో చెప్పడానికి నాకు తెలుగు మాట రాలేదు."

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పద్యాలు నేర్పాం, సంధులు నేర్పాం, వారాల పేర్లు, వరసల పేర్లు నేర్పాం. "నాకు నొప్పిగా వుంది" అని చెప్పుకోవడానికి నాలుగు మాటలు నేర్పలేదు. మన భాషలో ఆ మాటలకు కరువా? మన అమ్మమ్మలను అడగండి. నడుం కళుక్కుమంటుంది. కాలిలోకి జివ్వుమని లాగుతుంది. పట్టేస్తుంది, బిగుసుకుపోతుంది. సలుపుతుంది, పోటు పెడుతుంది, తీపులు తీస్తుంది, గుంజుతుంది. తిమ్మిరెక్కుతుంది, మొద్దుబారుతుంది. వీటిలో ప్రతి మాటా డాక్టరుకు ఒక దారి చూపిస్తుంది. కళుక్కుమంటే కండరం పట్టి వుండవచ్చు. జివ్వుమని కాలిలోకి లాగితే నరం నొక్కుకుని వుండవచ్చు. పొద్దున్నే పట్టేసి తిరిగితే వదులుతుందంటే, మేము ఇంతసేపూ చెప్పిన జబ్బు కావచ్చు. "పెయిన్" అన్న ఒక్క మాటలో ఇవన్నీ కలిసిపోతాయి. మన ఇళ్ళలో అమ్మమ్మకు అన్ని మాటలూ తెలుసు, మనవడికి ఒక్కటే తెలుసు. ఆ ఇద్దరి మధ్యన నొప్పి నటనగా మారిపోతుంది.

అందుకే ఇప్పుడు మా సాయంత్రం తరగతిలో ఐదవ పాఠం ఒంటి నొప్పుల పాఠం. పెద్దపిల్లలు ఇంట్లో పెద్దలను అడిగి ఒక్కొక్క మాట తెచ్చి పలక మీద రాస్తారు. పోయిన నెల ఒక అమ్మాయి "మా నాయనమ్మ నడుం పీకుతోంది అంటుంది, అంటే ఏమిటి?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. ఈసారి మేమూ నవ్వాం, తరువాత నాయనమ్మగారిని డాక్టరుకు చూపించారా అని అడిగాం.

మన భాషలో అలసినవాడికి చెప్పే మందు నడుం వాల్చడం, పని పూనినవాడికి చెప్పే మాట నడుం కట్టడం. ఈ జబ్బుకు రెండవదే మందు. కాబట్టి తల్లులారా, తండ్రులారా, ఇంటికి వెళ్ళాక పెద్దపిల్లలను ఒక్క మాట అడగండి. "పొద్దున లేవగానే నీ నడుం ఎలా వుంటుంది?" అని అడగండి. జవాబు తెలుగులో రాకపోతే మాట మీరు అందించండి. తెలుగులో వస్తే నమ్మండి.

వెనక గోడ దగ్గర నిలబడ్డ పిల్లలారా, మీలో ఎవరికైనా కూర్చోవడమే కష్టమై నిలబడి వుంటే, సభ అయ్యాక మా దగ్గరకు రండి. ఈ మాస్టారు ఏమీ అనడు. పక్కన నిలబడి వింటాడు.